ఇరవై నాలుగో వంతు అంబాసిడర్

మా వైపు టాక్సీ అంబాసిడర్ అంటే టాపు మీద క్యారియర్ ఉండాల్సిందే. పెళ్లికి పోతే దాని మీద బీరువా, పరుపుల చుట్ట. జాతరకు పోతే గిన్నెలు, గంపలు, వంటకట్టెలు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య తిరిగిన ఆ కార్లకు క్యారియర్ కంపెనీలో బిగించి పంపింది కాదు. వెల్డింగ్ షాపులో ఇనుప కడ్డీలు కోయించి, వంచించి, ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లు చేయించుకున్నారు. అందుకే ఏ రెండు క్యారియర్లూ ఒకేలా ఉండేవి కావు. బొమ్మల దుకాణంలో దొరికే అంబాసిడర్‌కు ఒకవేళ క్యారియర్ ఉన్నా, అది అచ్చులో పోసిన లావుపాటి ప్లాస్టిక్ ముక్క. మన ఊరి వెల్డర్ చేతి పని అందులో కనిపించదు.

ఆ చేతి పని కనిపించేలా క్యారియర్ చేయడం, అదీ అసలు సైజులో ఇరవై నాలుగో వంతుకు చేయడం నాకు చాలా ఇష్టమైన పని.

నేనుండేది చివ్వెంలలో. పొద్దున్నే సూర్యాపేట పోయి పళ్ల ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు పేషెంటు నోట్లో తీసిన అచ్చులు మా దగ్గరికి వస్తాయి. వాటిలో స్టోన్ అనే గట్టి ప్లాస్టర్ పోసి దవడ నమూనా తీస్తాం, మైనంతో పన్ను చెక్కుతాం, ఆ మైనం చోటులోకి లోహం కరిగించి పోస్తాం, అరగదీసి మెరుగు పెడతాం. క్యాపు పక్క పన్నుకు తగలాలి గానీ దాన్ని నెట్టకూడదు. కాగితం మందం తేడా వచ్చినా నాలుకకు తెలిసిపోతుంది. ఈ పనికి అలవాటుపడ్డ చేతికి కారు హెడ్‌లైటు రింగు పరాయిది కాదు. మైనం అదే, సిలికాన్ అదే, మైక్రోమోటారు అదే. ల్యాబు పని ముగిశాక నా సామాను నేను కొనుక్కుని ఈ పని చేసుకుంటాను.

మోడల్ కార్ల సంగతి తెలియని వాళ్లకు ముందు స్కేలు గురించి చెప్పాలి. 1:24 అంటే అసలు కారులో 24 మిల్లీమీటర్లున్నది బొమ్మలో ఒక మిల్లీమీటరు. పాత లెక్కలో చెప్పాలంటే అడుగుకు అర అంగుళం. 1:43 బొమ్మ రైళ్ల నుంచి వచ్చింది. ఇంగ్లండులో అడుగుకు 7 మి.మీ. చొప్పున చేసిన రైళ్ల పక్కన నిలబెట్టడానికి 1930లలో డింకీ కార్లు దాదాపు ఆ కొలతలోనే పుట్టాయి. 1968లో వచ్చిన హాట్ వీల్స్ లాంటివి ఇంకా చిన్నవి, సుమారు 1:64. పిల్లలు జేబులో వేసుకుని తిరిగేవి అవే. విడిభాగాలు అతికించి రంగు వేసుకునే కిట్లు ఎక్కువగా 1:24లో దొరుకుతాయి. జపాన్‌లోని టమియా కంపెనీ వాటికి పేరుమోసింది.

ఆ కిట్ల కోసం అదనపు భాగాలు అమ్మేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అసలు కన్నా మంచి చక్రాలు, ఇత్తడి రేకులో కోసిన గ్రిల్లు, సీటు బెల్టు బకిల్ దాకా దొరుకుతాయి. అన్నీ పోర్షేకు, ఫెరారీకి, స్కైలైన్‌కు. 1960ల చివర్లో డింకీ వాళ్ల పాత అచ్చులు కొన్ని కలకత్తాకు వచ్చి, నిక్కీ టాయ్స్ పేరుతో ఇక్కడే కార్లయ్యాయి. అచ్చులు మన దేశానికి వచ్చినా వాటిలోంచి వచ్చినవి చాలావరకు పరాయి దేశపు కార్లే. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన బండికి కావలసిన భాగం మనం చేసుకోకపోతే ఇంకెవరూ చేయరు. జపాన్ వాడికి మిర్యాలగూడ మిల్లు ముందు వరుసగా నిలబడ్డ లారీలు ఎట్లా తెలుస్తాయి?

అంబాసిడర్ కొలతలు ఈ పని చేసేవాళ్లకు నోటికి వచ్చి ఉండాలి. పొడవు 4325 మి.మీ., వెడల్పు 1662, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2464. వీటిని 24తో భాగిస్తే బొమ్మ పొడవు 180 మి.మీ., ఇరుసుల మధ్య 102.7. ఏడు అంగుళాల గుండ్రటి హెడ్‌లైటు 7.4 మి.మీ. అవుతుంది. పదిహేను అంగుళాల రిమ్ము 15.9. ఎవరైనా బొమ్మ కారు తెచ్చి దీనికి పార్టు కావాలంటే మొదట దాన్ని వెర్నియర్‌తో కొలుస్తాను. 4325ను ఆ పొడవుతో భాగిస్తే దాని స్కేలు తేలుతుంది. 120 మి.మీ. వచ్చిందంటే అది 1:36. డబ్బా మీద రాసింది నమ్మి చేసిన పార్టు చాలాసార్లు కూర్చోదు.

కోదాడ నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. వాళ్ల నాయిన టాక్సీ నడిపేవాడు. ఆయన పోయాక ఇంట్లో మిగిలింది ఒక ఫొటో. కారు పక్కన ఆయన నిలబడి ఉన్నాడు, భుజం మీద తువ్వాల. ఆ కారు కావాలన్నాడు. బాడీ ఒక బొమ్మ నుంచి తీసుకుందామనుకున్నాం. క్యారియర్ మాత్రం ఫొటోలోదే కావాలి.

అదృష్టం కొద్దీ ఆ ఫొటో కారుకు సరిగ్గా పక్కనుంచి తీసింది. అలాంటి ఫొటో దొరికితే వేరే కొలబద్ద అక్కర్లేదు. ఇరుసుల మధ్య 2464 అని తెలుసు కదా, ప్రింటులో అదే దూరం కొలిస్తే 77 మి.మీ. వచ్చింది. అంటే ప్రింటులో ఒక మిల్లీమీటరుకు అసలు కారులో 32. క్యారియర్ పక్క కడ్డీ ఎత్తు ప్రింటులో 5, అసలులో 160, నా బొమ్మలో 6.7. క్యారియర్ చక్రాల కన్నా కాస్త లోపలికి ఉంటుంది కాబట్టి కెమెరాకు రవ్వంత దూరం. అందుకని చివర్న చిటికెడు కలుపుకోవాలి. ఆ చిటికెడు ఎంతో లెక్క చెప్పదు. బొమ్మను కంటి ఎత్తులో పెట్టి ఫొటోతో పోల్చి చూసుకోవాలి.

కడ్డీలు 12 మి.మీ. లావు అనుకుంటే నాకు కావలసింది సరిగ్గా అర మిల్లీమీటరు తీగ. పళ్లకు క్లిప్పులు చేసే స్టీలు తీగ అదే లావులో మా బల్ల మీదే ఉంటుంది. చూడగానే చెయ్యి దాని మీదికే పోతుంది. కానీ దానికి మామూలు టంకం పట్టదు. బంకతో అతికిస్తే జాయింటు దగ్గర గడ్డ కడుతుంది. అందుకే అర మిల్లీమీటరు ఇత్తడి తీగ వాడతాను. చుట్టగా వచ్చే తీగ ముందు తిన్నగా కావాలి. ఒక కొస గట్టిగా పట్టించి రెండో కొసను పట్టకారుతో నెమ్మదిగా లాగితే, తీగ కొద్దిగా సాగి బాణంలా నిలుస్తుంది.

చెక్క ముక్క మీద క్యారియర్ గీసిన కాగితం అతికించి, గీతల వెంట గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య తీగలు ఇరికిస్తాను. జాయింటు దగ్గర ఫ్లక్సు చుక్క. టంకం తీగను బ్లేడుతో ఆవగింజలో సగం కోసి అక్కడ పెట్టి, వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ మొన ఆనిస్తే చాలు, మెరిసి లోపలికి పాకుతుంది. అసలు చిక్కు రెండో జాయింటుతో మొదలవుతుంది. దాన్ని వేడి చేస్తుంటే అర సెంటీమీటరు దూరంలోని మొదటిది కరిగి విడిపోతుంది. అందుకు మొదటి జాయింటు మీద తడి దూది పెట్టాలి. వేడి ఆ తడిలోకి పోతుంది. మొత్తం చట్రం అయ్యాక నాలుగు మూలల నుంచి కాళ్లు దిగుతాయి. అంబాసిడర్ టాపు అంచు చుట్టూ వాన నీళ్లు పోయే సన్నటి గాడి ఉంటుంది. క్యారియర్ కాళ్లు అక్కడే కొక్కేల్లా పట్టుకుంటాయి. టాపుకు నేరుగా అతికించిన క్యారియర్ చూస్తే, ఆ కారు ఎక్కి తిరిగిన వాళ్లకు ఏదో లోటు అనిపిస్తుంది. ఏమిటో చెప్పలేకపోవచ్చు, కానీ అనిపిస్తుంది.

పని అయ్యాక ఆ తమ్ముడు తిప్పి తిప్పి చూశాడు.

"మంచిగనే ఉందక్కా. గని ఎన్కపక్క కడ్డీ జర పైకి లేచి ఉండాలె."

"ఫొటోల గట్ల కనవడ్తలేదు కద తమ్మీ?"

"ఆడ నాయిన చెయ్యి అడ్డమొచ్చింది. మిర్చి బస్తాలు ఎన్కకు జారకుండ పైకి వంపిచ్చిండు. నేను చిన్నప్పుడు అది పట్టుకునే పైకెక్కేటోన్ని."

వెనక కడ్డీ విప్పి మళ్లీ చేశాను. ఫొటోలో లేని కొలత అతని చేతికి తెలుసు. ఎక్కడ దాకా లేచి ఉండేదో బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు. కస్టమ్ పార్టు అంటే నాకు అర్థమైంది ఇదే. ఒక కంపెనీ మోడల్‌కు కాదు, ఒకానొక కారుకు చేసే భాగం.

ఒక్కటే కావలసిన భాగాన్ని ఇలా చేత్తో చేస్తాం. ఒకేలాంటివి నాలుగైదు కావాలంటే దారి వేరు. వీల్ క్యాపులే చూడండి. నాలుగు చక్రాలకు నాలుగు, అవి అచ్చం ఒకేలా ఉండాలి. ఒక్కదాన్ని శ్రద్ధగా చేసి మిగతావి దాని అచ్చులోంచి తీయాలి. నేను పన్ను చెక్కే మైనంతోనే చెక్కుతాను. సెంటీమీటరు వెడల్పున్న బిళ్ల, మధ్యలో చిన్న ఉబ్బు, అంచున సన్నటి మెట్టు. దాని మీద పలచటి సిలికాన్ పోసి, వెనక గట్టి సిలికాన్ ముద్ద ఒత్తుతాను. పళ్ల అచ్చుకు వాడే పలచటి రకం 20 మైక్రాన్ల గీతను కూడా పట్టుకోవాలని ప్రమాణం ఉంది. తలవెంట్రుక మందంలో అది మూడో వంతుకు అటూ ఇటూ. అంటే చెక్కిన మైనం నమూనా మీద వేలిముద్ర పడితే నాలుగు క్యాపుల మీదా ఆ వేలిముద్ర వస్తుంది.

ఈ సిలికాన్‌కు ఒక పేచీ ఉంది. చేతికి మామూలు రబ్బరు గ్లవ్స్ వేసుకుని ముట్టుకుంటే అది గట్టిపడదు, జిగురు జిగురుగా మిగిలిపోతుంది. రబ్బరులోని గంధకం దాన్ని చెడగొడుతుంది. గంధకం కలిసిన మోడలింగ్ క్లేతోనూ ఇదే గొడవ. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు సిలికాన్ పాడైందని పారేస్తుంటారు. గ్లవ్స్ మారిస్తే చాలు, నైట్రైల్‌వి వాడాలి.

అచ్చులో పోసేది రెండు సీసాల రెసిన్ కావచ్చు, మా ల్యాబులో వాడే యాక్రిలిక్ పొడీ ద్రవమూ కావచ్చు. గాలి బుడగ పట్టకుండా ఒక మూల నుంచి సన్నటి ధారగా పోయాలి. మేము కట్టుడు పళ్ల రిపేరుకు ప్రెషర్ పాట్ వాడతాం. గట్టిపడేదాకా ఒత్తిడిలో ఉంచితే లోపలి బుడగలు కంటికి కనిపించనంత చిన్నవవుతాయి. ఎక్కడో అమెరికాలో మోడల్ కార్ల రెసిన్ పోసేవాళ్లు కూడా అచ్చం ఇలాంటి పాత్రే వాడతారని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషమేసింది.

డోర్ హ్యాండిళ్లకు మాత్రం నేను నిజం లోహమే పోస్తాను. మైనంతో చెక్కి, చుట్టూ ఇన్వెస్ట్‌మెంట్ అనే వేడిని తట్టుకునే ముద్ద పోసి, కొలిమిలో మైనం కాల్చేసి, ఆ ఖాళీలోకి పళ్ల క్యాపులకు వాడే నికెల్ క్రోమియం లోహం. మెరుగు పెడితే అచ్చం క్రోమ్ పూతలా ఉంటుంది. వెండి రంగు ఎంత బాగా వేసినా ఆ చల్లటి మెరుపు రాదు. బంపరు ఇలా పోయలేం, 69 మి.మీ. వెడల్పు మా పోత రింగులో పట్టదు. దానికి నిగనిగలాడే నల్ల రంగు వేసి, ఆరాక మీద పలచగా క్రోమ్ రంగు కొట్టాలి. కింద నలుపు ఎంత నున్నగా ఉంటే పైన మెరుపు అంత. ఈ లోహం అరగదీసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు, దుమ్ము లాగే ఫ్యాను లేకుండా ఇంట్లో చేయొద్దు. యాక్రిలిక్ ద్రవం ఆవిరీ అంతే, కిటికీలు తెరిచే ఉండాలి.

భాగహారం తెలిస్తే పార్టులన్నీ చేసేయొచ్చనిపిస్తుంది. కానీ మందం దగ్గర ఆ లెక్క ఆగిపోతుంది. కారు రేకు ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ. 24తో భాగిస్తే 0.04. అంత పలచటి ప్లాస్టిక్ రేకు తలుపుగా నిలబడదు. కాబట్టి బాడీ లావుగానే ఉంచి, కంటికి కనిపించే అంచును మాత్రం లోపలి నుంచి ఏటవాలుగా గీకి పలచన చేస్తాం. మడ్‌గార్డు కింది అంచు, కిటికీ చట్రం, బానెట్ కొస, ఈ మూడూ పలచగా ఉంటే మిగతాదంతా రేకే అని కన్ను నమ్ముతుంది. రంగు సంగతి ఇంకా చిత్రం. అసలు కారు మీద రంగుల పొరలన్నీ కలిపి సుమారు 0.1 మి.మీ. బొమ్మ మీద కూడా అంతే మందం వేస్తే, అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల రంగు పులిమినట్టు లెక్క. గీతలన్నీ పూడిపోతాయి. దుమ్ము కూడా అంతే. మా ఊరి ఎర్రమట్టి తెచ్చి చల్లితే బాగుంటుందని చాలామంది అంటారు. ఆ మట్టి రేణువు బొమ్మ మీద కంకరరాయిలా కనబడుతుంది. రంగు సుద్ద గీకిన మెత్తటి పొడి మేలు.

నంబర్ ప్లేటు దగ్గర నాకు మహా పట్టింపు. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా అయింది, మా బండ్లకు టీఎస్ 29 వచ్చింది, 2024లో టీజీ అయింది. కానీ మనుషులు అడిగే కార్లన్నీ నల్లగొండ ఏపీ 24 నాటివో, ఇంకా ముందువో. పాత సొంత కార్లకు నల్ల పలక మీద తెల్ల అక్షరాలుండేవి. ఇంట్లో ప్రింటరు తెలుపు ముద్రించలేదు కాబట్టి, తెల్లటి డెకాల్ కాగితం మీద నలుపు ముద్రించి అక్షరాల చోటు ఖాళీ వదలాలి. చేతి రాతతో రాసిన ప్లేటయితే ఆ పెయింటర్ వంపులు ఫొటోలోంచి గీసుకోవాల్సిందే. కంప్యూటర్ అక్షరం పెడితే కారు మొహం మారిపోతుంది.

త్రీడీ ప్రింటరు వచ్చాక ఇదంతా ఎందుకని అడుగుతారు. పళ్ల ల్యాబుల్లోకి కూడా రెసిన్ ప్రింటర్లు వచ్చాయి, ఒక్కో పొర 0.05 మి.మీ. గ్రిల్లులాంటి అడ్డగీతల పనికి అది వరమే. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చి 2న టీ వర్క్స్ మొదలైంది. సొంతంగా నమూనాలు తయారు చేసుకునేవాళ్ల కోసం ప్రింటర్లు, లేజర్ కటింగ్, సీఎన్‌సీ యంత్రాలు ఒకే చప్పరం కింద పెట్టారు. మా జిల్లా పిల్లలు అక్కడిదాకా పోయి చూడాలి. కానీ ప్రింటరుకు గీసి ఇవ్వాల్సింది మనిషే. వెనక కడ్డీ ఎందుకు పైకి లేచిందో తెలియకుండా గీస్తే, ప్రింటరు ఆ తెలియనితనాన్నే చక్కగా ముద్రిస్తుంది.

చిన్న భాగాలు విడిగా చేసి అతికించడం మనకు కొత్త విద్యేమీ కాదు. మా 65వ నంబర్ రహదారి మీదే కోదాడ దాటి విజయవాడ వైపు పోతే, దారికి కాస్త పక్కన కొండపల్లి వస్తుంది. అక్కడ తెల్ల పొనికి కర్రతో ఎడ్ల బండి చేసేటప్పుడు చేతులు, కాళ్లు, చక్రాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కే సందులు పూడ్చే పుట్టీ కూడా. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. అక్కడి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. లారీ చక్రానికి అంకుడు కర్రంత అనువైనది నాకు కనబడలేదు, మెత్తగా తెగుతుంది, అంచు చిట్లదు.

లారీ అన్నాను కాబట్టి, నా మనసంతా ఇప్పుడు దాని మీదే ఉంది. టాటా వాళ్లు 1954లో బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు, ఆ ఒప్పందం 1969 దాకా నడిచింది. ఇంజనూ చాసీ ఫ్యాక్టరీవే అయినా, క్యాబిన్, తొట్టి విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల కట్టించుకునేవాళ్లు. చెక్క పలకలు, వాటి మీద పూలతీగలు, వెనక దేవుడి పేరు, కింద వేలాడే నల్లటి చెప్పు. ఏ ఊళ్లో కట్టారో చూసి చెప్పేంత తేడా ఉండేది. ఇలాంటివాటికి కిట్టు అంటూ ఉండదు. 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం కూడా అంతే. పాత షెవర్లే వ్యానును మార్చి కట్టిన బండి అది, ఆయన కొడుకు హరికృష్ణ నడిపేవాడు. ఎవరైనా చేయాలనుకుంటే టాపు మీది నిచ్చెన నుంచి మైకు దాకా ప్రతి భాగమూ చేత్తో చేయాల్సిందే.

బండ్లు చూడటానికి నాకు పెద్దగట్టును మించిన చోటు లేదు. మా మండలంలోని దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర. ఓ లింగా అంటూ లక్షల మంది దిగుతారు, హైవే మీద పెద్ద బండ్లను దారి మళ్లిస్తారు. గుట్ట కింద ట్రాక్టర్లు, డీసీఎంలు, ఇంకా అక్కడక్కడ పాత లారీలు. తొట్టి మీద టార్పాలిన్ ఎట్లా కట్టారు, తాడు ఏ కొక్కేనికి ఎన్ని చుట్లు తిప్పారు, నిచ్చెన ఏ పక్క ఉంది, నేను టేపు పట్టుకుని తిరుగుతూ రాసుకుంటాను. "ఏం కొలుస్తున్నవ్ బిడ్డా, కొంటవా?" అని ఒక పెద్దాయన అడిగాడు. చిన్న బొమ్మ చేస్తానని చెప్తే ఆయనే టేపు రెండో కొస పట్టుకున్నాడు. తొట్టి పలక గొళ్లెం తన చేత్తో విప్పి, ఎట్లా పడుతుందో చూపించాడు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ప్రింటరూ కొలిమీ అక్కర్లేదు. వెర్నియర్, సన్నటి ఆకురాళ్లు, నీళ్లతో రుద్దే పాలిష్ కాగితం, బ్లేడు, ఇత్తడి తీగ, టంకం సామాను చాలు. మొదటి పనిగా మీకు బాగా తెలిసిన ఒక బండిలోంచి ఒకే ఒక్క భాగం ఎంచుకోండి. అద్దం కావచ్చు, కొక్కెం కావచ్చు. మొత్తం కారు పెట్టుకుంటే చాలామంది సగంలో వదిలేస్తారు.

అంతకన్నా తొందరగా చేయాల్సిన పని ఇంకొకటుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది. పశువుల కొట్టం పక్కన, మిల్లు వెనక నిలబడిపోయిన పాత బండ్లు తుక్కుకు పోతున్నాయి. మీ ఇంట్లోనో వాకిట్లోనో అలాంటిది ఉంటే, అమ్మేముందు ఫొటోలు తీసి పెట్టండి. దగ్గర నిలబడి తీస్తే బండి ముక్కు పెద్దదై తోక చిన్నదవుతుంది. కాబట్టి బాగా దూరం జరిగి, జూమ్ చేసి, ఫోను చక్రం ఇరుసు ఎత్తులో పట్టి, సరిగ్గా పక్కనుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. వీలైతే పైనుంచి కూడా. బండికి ఆనించి ఒక మీటరు కర్ర నిలబెట్టండి. తరవాత దగ్గరికి వెళ్లి క్యారియర్ జాయింట్లు, డాష్‌బోర్డు, నంబర్ ప్లేటు విడిగా తీయండి. మీ నాయినో మామో ఆ బండికి సొంతంగా చేయించిన మార్పు ఏదైనా ఉంటే, ఎందుకు చేయించారో అడిగి ఆ ఫొటో వెనక రాయండి.